ఎడమ చేతిలో ఒక్క పత్రం

జనవరి ఒకటో తారీకున కొత్త డైరీ మొదటి పేజీలో మనం ఏం రాసుకుంటామో మీకు తెలియంది కాదు. ఈ ఏడాదైనా ఆగిపోయిన చదువు పూర్తి చెయ్యాలి. అటకెక్కిన వీణ కిందికి దించాలి. రోజుకి పది పేజీలైనా చదవాలి. సంక్రాంతి పిండివంటలు అయ్యేసరికి ఆ డైరీ కాస్తా పాల లెక్కలకీ ఇస్త్రీ బట్టల పద్దుకీ వెళ్ళిపోతుంది. ఎవరైనా అడిగితే తీరికేదండీ అంటాం. అందులో అబద్ధమేం లేదు. పొద్దున్న పాల గిన్నె పొయ్యి మీద పెట్టింది మొదలు రాత్రి వంటింటి గట్టు తుడిచేదాకా మన రోజులో మనది అనుకునే గంట ఒకటుండదు.

నా సంగతే చెప్తాను. అప్పుడప్పుడూ కథలు రాస్తూంటాను. కథ మనసులో మెదిలినప్పుడు చేతిలో గరిటె ఉంటుంది, గరిటె దించేసరికి కథ ఉండదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, పండగ వెళ్ళాక, చుట్టాలు వెళ్ళాక అనుకుంటూ ఏళ్ళు జరిపేశాను. అలాంటి రోజుల్లోనే ఒక బెంగాలీ ఇల్లాలి జీవితకథ చదివాను. రెండు శతాబ్దాల కిందట పుట్టిన మనిషి. పేరు రాససుందరీ దేవి. బెంగాలీలో మొదటి ఆత్మకథ రాసింది ఆమేనని సాహిత్య చరిత్రలు చెబుతాయి. కానీ నన్ను పట్టుకున్నది ఆ మొదటి అన్న మాట కాదు. ఆమె ఎక్కడ చదువుకుంది, ఎలా చదువుకుంది అన్నది.

వంటింట్లో చదువుకుంది. పొయ్యి ముందు కూర్చుని, కుడి చేత్తో వంట చేస్తూ, ఎడమ చేతిలో ఒకే ఒక్క పత్రం పట్టుకుని, మేలిముసుగు చాటున దాని వంక చూసుకుంటూ చదువుకుంది.

బడిలో మూల కూర్చున్న పిల్ల

రాససుందరి 1810 ప్రాంతంలో పాబ్నా జిల్లా పోతాజియా గ్రామంలో పుట్టింది. ఆ ఊరు ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది. బాగా చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పిల్ల మహా భయస్తురాలు. తోటిపిల్లలు కొట్టినా ఎవరికీ చెప్పేది కాదు, చెబితే ఇంకా కొడతారేమోనని. భయమేసినప్పుడు ఇంటి దేవుణ్ణి, దయామాధవుణ్ణి తలుచుకోమని తల్లి నేర్పింది. ఎక్కడున్నా పిలిస్తే పలుకుతాడని చెప్పింది. ఆ ఒక్క ముక్కా ఆ పిల్ల చివరిదాకా పట్టుకుంది.

వాళ్ళ ఇంటి ఆవరణలోనే మగపిల్లలకి ఒక బడి నడిచేది. ఆడపిల్లలకి చదువు చెప్పే అలవాటు ఆ ఊళ్ళో లేదు. కాకపోతే పిల్ల బయటికెళ్తే ఎవరో ఒకరు ఏడిపిస్తున్నారని ఇంట్లోవాళ్ళు ఆమెని తీసుకెళ్ళి ఆ బడిలో ఓ మూల కూర్చోబెట్టారు. అప్పటికి ఎనిమిదేళ్ళు. చదువుకోమని కాదు, క్షేమంగా ఉంటుందని. మగపిల్లలు నేల మీద అక్షరాలు దిద్దుతూ, పైకి గట్టిగా చదువుతూంటే ఆ పిల్ల చూస్తూ కూర్చునేది. ఎవరూ ఆమెని పలకరించలేదు, పాఠం అడగలేదు. ఆమె కూడా నాకు వచ్చు అని ఎవరితో అనలేదు. చూసిన అక్షరాలు మాత్రం మనసులో ఎక్కడో పడి ఉండిపోయాయి.

పదేళ్ళ వయసులో ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాంతో బడీ పోయింది. ఆమె చదువు, దాన్ని చదువు అనగలిగితే, అక్కడితో సరి.

పన్నెండో ఏట పెళ్ళి చేసి, పడవలో అత్తవారింటికి పంపారు. ఫరీద్‌పూర్ జిల్లా రామ్‌దియా. తల్లి ఒడి వదిలి వెళ్తూ ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు గురించి తరవాతెప్పుడో ముసలితనంలో రాసినప్పుడు కూడా ఆ పేజీల్లో తడి ఆరలేదు. అత్తగారు మంచిదే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఓదార్చింది. కోడలు పిల్లని కొన్నాళ్ళు ముద్దుగానే చూసుకుంది. ఆ తరవాత అత్తగారికి జబ్బు చేసి చూపు కూడా పోవడంతో, ఇంటి బరువంతా పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన పడింది.

ఇరవై అయిదు మంది వంట

కలిగిన ఇల్లే. పనివాళ్ళకి లోటు లేదు. కానీ వాళ్ళంతా బయటి పనులకే. వంటింట్లోకి మరొకరు రారు. దేవుడి నైవేద్యం, అత్తగారి సేవ, వచ్చేపోయే అతిథులు, రెండు పూటలా ఇరవై అయిదు మందికి పైగా మనుషులకి వంట, అన్నీ ఆమే. పద్దెనిమిదో ఏట మొదటి బిడ్డ, నలభై ఒకటో ఏట చివరి బిడ్డ. మధ్యలో ఇరవై మూడేళ్ళు ఎప్పుడూ ఒక బిడ్డ చంకలోనో కడుపులోనో. మొత్తం పన్నెండు మందిని కంది. అందులో ఏడుగురిని తన బతుకులోనే పోగొట్టుకుంది.

ఒకసారి ఏం జరిగిందో చూడండి. అందరికీ పెట్టి, తను అన్నం ముందు కూర్చునేసరికి వాకిట్లో అతిథి. కంచంలో అన్నం ఆయనకి పెట్టేసింది. రాత్రికి మళ్ళీ వండింది. పిల్లల ఏడుపులు, గాలివాన, దీపం ఆరిపోవడం, ఆ పూటా అంతే. మర్నాడూ అలాగే ఏదో ఒకటి అడ్డం వచ్చింది. రెండు రోజులు ఆమె నోట్లోకి మెతుకు వెళ్ళలేదు. ఇంట్లో ఒక్కరికీ ఆ సంగతి తెలియలేదు. వండినమ్మ తినలేదన్న మాట ఎవరికీ తట్టదు కదా! తనూ ఎవరికీ చెప్పలేదు, చెప్పడం సిగ్గుగా అనిపించింది.

కోడలు గుండెల దాకా ముతక ముసుగు వేసుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. ఆ ముసుగులోంచి తన పాదాలు తప్ప మరేం కనిపించేవి కావట. గంతలు కట్టిన గానుగెద్దుకీ తనకీ తేడా లేదనిపించేదని ఆమే పోల్చుకుంది. ఆ భయం ఎంతదాకా వెళ్ళిందంటే, ఒకరోజు వాకిట్లో ఆరబోసిన ధాన్యం భర్తగారి గుర్రం తినేస్తోంది. అదిలించడానికి బయటికి వెళ్ళాలి. వెళ్ళలేకపోయింది. గుర్రం ఆయనది, ఆయన గుర్రం ఎదుట పడడమెలా అని తలుపు చాటునే నిలబడిపోయింది. కొడుకు వచ్చి అది గుర్రమేగా అమ్మా అన్నట్టు చూస్తే, అప్పుడు తన మీద తనకే సిగ్గేసింది. మనిషికి కాదు, మనిషి పేరుకి కూడా కాదు, మనిషి ఎక్కే గుర్రానికి భయపడుతున్నానా అని.

ఇది చదివి నవ్వుకున్నాను. తరవాత నవ్వు రాలేదు. మనలో ప్రతివాళ్ళకీ అలాంటి గుర్రం ఒకటి ఉండనే ఉంటుంది.

కలలో వచ్చిన పుస్తకం

ఇంత చాకిరీ మధ్య ఆ పిల్లకి పుట్టిన కోరిక ఏమిటంటే, చదవడం. దేవుడి పుస్తకాలు తనకి తనే చదువుకోవాలని. పద్నాలుగో ఏటి నుంచీ ఆ కోరిక లోపల కదులుతోంది. ఎవరితోనైనా అంటే అంతే సంగతులు. ఆడది అక్షరం ముట్టుకుంటే వైధవ్యం వస్తుందని నమ్మే కాలం. ఊళ్ళో పెద్దవాళ్ళు కలికాలం వచ్చేసిందనీ, ఇక ఆడవాళ్ళు మగవాళ్ళ పనులు చేస్తారనీ సణుక్కుంటూంటే ఆమె చెవిన పడేది. తన కోరికకి తనే భయపడింది. మనసుకి నచ్చజెప్పుకుంది. అయినా అది పోలేదు. దాంతో తల్లి నేర్పిన పనే చేసింది. రోజూ పనులు చేసుకుంటూనే దేవుణ్ణి అడిగింది, నాకు చదువు నేర్పు, నేర్పేవాళ్ళు ఎవరూ లేరు, నువ్వే నేర్పు అని.

ఒక రాత్రి కలలో చైతన్య భాగవతం చదువుతున్నట్టు కనిపించింది. ఆమె ఆ పుస్తకం ఎన్నడూ చూడలేదు, చూసినా పోల్చుకోలేదు. లేచాక ఒళ్ళంతా పులకరింత. ఆ రోజే చిత్రంగా, భర్త వంటింటి వైపు వచ్చి పెద్దకొడుకు విపిన్‌తో ఆ చైతన్య భాగవతం ఇక్కడ పెడుతున్నాను, పిలిచినప్పుడు తెచ్చివ్వు అని చెప్పి వెళ్ళాడు. కుర్రాడికి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆమెకి ఇరవై ఆరు.

అప్పటి పుస్తకాలు ఇప్పటిలా కుట్టినవి కావు. చేత్తో రాసిన విడి పత్రాలని రెండు చెక్క అట్టల మధ్య పెట్టి కట్టేవారు. వంటింట్లో ఎవరూ లేని వేళ చూసి ఆమె దగ్గరికెళ్ళి ఆ అట్ట మీద బొమ్మ గుర్తుపెట్టుకుంది, రేపు పుస్తకాల మధ్య కలిసిపోతే తనకి పోల్చుకోవడం రాదు కనక. తరవాత సమయం చూసి కట్టు విప్పి, అందులోంచి ఒక్క పత్రం తీసుకుంది. ఒక్కటే. గుండె దడదడలాడుతూంటే దాన్ని తెచ్చి వంటింట్లోనే ఓ మూల, ఎవరి చెయ్యీ పడని చోట దాచింది.

దాచడమైతే దాచింది. చదవడం ఎలా? అందులో ఒక్క అక్షరం రాదాయె.

పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకునే తాటాకులు ఇంట్లో ఉండేవి. అందులోంచీ ఒకటి తీసి దాచింది. ఇక మొదలైంది ఆమె బడి. పత్రం మీద అక్షరం చూడడం. తాటాకు మీద అలాంటిది ఉందేమో వెతకడం. పదహారేళ్ళ కిందట పుట్టింటి బడి మూల కూర్చుని చూసిన అక్షరాలని మనసులోంచి తవ్వి తీయడం. ఇంట్లో మనుషులు మాట్లాడుకునే మాటల్లో ఆ ధ్వని ఎక్కడుందో వినడం. మూడూ కలిస్తే ఒక అక్షరం తేలేది. తేలిన అక్షరాన్ని రోజంతా పని చేస్తూ మనసులో తిప్పుకునేది. ఎసరు పెడుతూ, గంజి వారుస్తూ, బిడ్డకి పాలిస్తూ.

పత్రం బయటికి తీసే అవకాశం రోజుకి ఎంతసేపు దొరికేదనుకున్నారు? కాసేపు. ఒక్కోరోజు అదీ లేదు. పొద్దున వంటకి మధ్యాహ్నం వంటకి మధ్య, రాత్రి పిల్లలు ఒకళ్ళు పడుకుంటే ఇంకొకళ్ళు లేవడం. అందుకే వండేటప్పుడే ఎడమ చేతిలో పత్రం పట్టుకుని కూర్చునేది. ఎంత ముసుగు వల్ల లోకం కనబడకుండా పోయిందో, ఆ ముసుగే ఇప్పుడు ఆ పత్రం లోకానికి కనబడకుండా కాచింది.

పట్టుకున్న చోటు వదలకుండా

ఇక్కడ కాస్త ఆగి చూడాలనిపించింది నాకు. ఆమెకి ఇచ్చ ఉంది, భక్తి ఉంది, సరే. అవి చాలామందికి ఉంటాయి. ఆమె పని సాగింది దేని వల్ల?

మొదటిది, ఆమె తీరిక కోసం కాచుక్కూర్చోలేదు. తీరిక రాదని ఆమెకి తెలుసు. రోజూ ఎటూ తప్పని పని ఏదుందో దానికే తన పనిని ముడి పెట్టుకుంది. వంట తప్పదు కాబట్టి చదువూ తప్పలేదు. రెండోది, పుస్తకమంతా ముందేసుకోలేదు. ఒక్క పత్రం. అది పట్టుబడితే ఇంకోటి. మూడోది, పత్రం చేతిలో లేనప్పుడు కూడా అక్షరం మనసులో ఉండేది. చేతులు ఎవరి పనిలో ఉన్నా మనసులో ఒక మూల మాత్రం ఆమె ఎవరికీ అప్పగించలేదు. నాలుగోది, నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది, ఆమె ఎవరి మెప్పూ ఆశించలేదు. బాగుంది అనేవాళ్ళు లేరు, ఎంతదాకా వచ్చింది అని అడిగేవాళ్ళు లేరు. తెలిస్తే తిట్టేవాళ్ళే. అయినా నిన్న ఎక్కడ ఆపిందో ఇవాళ అక్కడ అందుకుంది.

అలా ఎన్నాళ్ళో పట్టింది. అక్షరాలు మాటలయ్యాయి, మాటలు వాక్యాలయ్యాయి. తడబడుతూ తడబడుతూ చివరికి చైతన్య భాగవతం చదివింది. కలలో కనిపించింది నిజమైంది.

ఈ సంగతి జరిగింది 1836 ప్రాంతంలో అన్న మాట గుర్తుంచుకోవాలి. పుణేలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టింది 1848లో. కలకత్తాలో బెథూన్ బడి వచ్చింది 1849లో. మన కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. వీటన్నిటికీ ముందే ఒక పల్లెటూరి వంటింట్లో ఒక్క విద్యార్థినితో ఒక బడి నడిచింది. టీచరూ ఆమే, విద్యార్థినీ ఆమే, కాపలా కూడా ఆమే.

చదవడం వచ్చాక కూడా దాచుకునే చదివింది. కాపలాకి పనిమనిషిని పెట్టుకుని, ఎవరూ రారనుకున్న వేళ పుస్తకం విప్పేది. వితంతువులై పుట్టింటికి వచ్చేసిన ఆడపడుచులు ఇంట్లో ఉండేవారు. వాళ్ళకి తెలిస్తే ఏమంటారోనని బెంగ. ఒకనాడు తెలియనే తెలిసింది. అయితే జరిగింది వేరు. వాళ్ళు కోప్పడలేదు సరికదా ఎంతో సంబరపడ్డారు. తమకీ నేర్పమన్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి భయపడి దాక్కుందో వాళ్ళే పక్కన కూర్చుని ఆమె చదువుతూంటే విన్నారు. మనం ఊహించుకున్న భయాల్లో కొన్ని ఇలా తలుపు తీసేసరికి ఉండవు. అన్నీ కాదు, కొన్ని.

చదవడం వేరు, రాయడం వేరు

ఇంకో సంగతి. చదవడం వచ్చిన రాససుందరికి రాయడం రాదు. మనకి ఈ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఇది ఒక పట్టాన అర్థం కాదు. చదవడానికి ఒక పత్రం చాలు, చీకటి మూల చాలు. రాయాలంటే కాగితం, కలం, సిరాబుడ్డి, కూర్చోవడానికి చోటు, వేళ్ళకి సిరా అంటినా ఫరవాలేదనే ధైర్యం, ఇన్ని కావాలి. అవి కోడలికి దొరకవు.

ఏళ్ళు గడిచాయి. కొడుకులు పెద్దవాళ్ళై చదువులకి వెళ్ళారు. కలకత్తాలో చదువుకునే ఒక కొడుకు, నా ఉత్తరాలకి నువ్వు జవాబెందుకు రాయవని నిలదీశాడు. రాయడం రాదంటే ఊరుకోలేదు. కాగితం, కలం, సిరా అన్నీ తెచ్చి ముందు పెట్టి వెళ్ళాడు. అప్పుడు ఆమెకి గొప్ప ఇరకాటం. కొడుకు మాట కాదనలేదు, సంసారం వదిలి కూర్చోలేదు. కొన్నాళ్ళు ఆ సామగ్రి అలాగే ఉంది.

తరవాత భర్తకి జబ్బు చేసి, వైద్యం కోసం మరో కొడుకు ఉద్యోగం చేస్తున్న ఊరికి వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఇంటి చాకిరీ తక్కువ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకి నిజంగా కాస్త తీరిక దొరికింది. వేరొకరైతే ఇన్నాళ్ళకి కాళ్ళు చాపుకోవడానికి దొరికింది అనుకుంటారు. అనుకున్నా తప్పు లేదు. ఆమె మాత్రం కలం తీసింది. మనవలు ఎత్తిన వయసులో, వంకరటింకరగా అక్షరాలు దిద్దుకుంటూ రాయడం నేర్చుకుంది. చదవడానికీ రాయడానికీ మధ్య ఎన్నో ఏళ్ళ ఎడం వచ్చినా, దారి మాత్రం ఆమె మరిచిపోలేదు.

ఇంకోసారి ఇంట్లో రామాయణం కాండలన్నీ లేవని కొడుకుని అడిగి తెప్పించుకుంది. అచ్చుపుస్తకం వచ్చింది. తీరా చూస్తే ఆ అక్షరాలు మరీ చిన్నవి. చేతిరాతకి అలవాటుపడ్డ కళ్ళకి అందలేదు. ఎంత కష్టపడి నేర్చుకున్నా నేర్చుకోవలసింది ఇంకా మిగిలే ఉంటుంది అని అర్థమైన సందర్భం అది.

నా బతుకు అని రాసుకుంది

భర్త పోయినప్పుడు ఆమెకి అరవై దగ్గర పడుతోంది. ఆడది చదివితే విధవ అవుతుందన్న మాట వింటూ పెరిగిన మనిషి, చదువు వచ్చిన తరవాత ముప్పై ఏళ్ళకి పైగా సంసారం చేసి, అప్పుడు విధవ అయింది. ఆ వయసులో తన కథ రాయడానికి కూర్చుంది. 1876లో అది అచ్చయింది. పేరు 'ఆమార్ జీబన్'. మన భాషలో నా జీవితం అని. ప్రతి భాగం ముందూ దేవుడికో పద్యం, ఆ తరవాత తన మాట. భాష తేట. ఎవరినీ తిట్టలేదు. అయినా ఆడపిల్లని చదువుకోనివ్వకపోవడం ఎంత అన్యాయమో దాచుకోకుండా రాసింది.

అందులో ఒక గాయం ఉంది. తల్లి ఆఖరి రోజుల్లో చూడాలని ఎంత తపించినా ఆమెని పుట్టింటికి పంపలేదు. ఇంట్లో పనికి ఇబ్బంది అవుతుందని. తల్లి వెళ్ళిపోయింది. తను ఆడపిల్లగా పుట్టకుండా కొడుకై పుట్టి ఉంటే పక్షిలా ఎగిరి వెళ్ళేదాన్ని కదా అని ఆమె కుమిలిన చోటు చదువుతూంటే గొంతు పట్టేస్తుంది. అందుకే ఒకమాట చెప్పాలి. ఈ కథ చదివి, చూశారా, అంత చాకిరీలో కూడా సాధించింది, కాబట్టి మనకి సౌకర్యాలెందుకు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆమె ఓర్పు గొప్పదే. కానీ ఆమె చేత అంత ఓర్పు పట్టించిన కాలం గొప్పది కాదు. ఆకలితో రెండు రోజులు పస్తున్నా అడిగే దిక్కు లేకపోవడం ఆదర్శం కాదు. ఆమె కూడా దాన్ని ఆదర్శమని రాయలేదు, జరిగిందని రాసింది.

పుస్తకం అక్కడితో ఆపలేదు. తరవాత రెండో భాగం చేర్చింది. 1897లో ఆ కూర్పు వచ్చేనాటికి ఆమెకి ఎనభై ఎనిమిదేళ్ళు. రవీంద్రనాథ్ ఠాగూర్ అన్నగారు జ్యోతిరింద్రనాథ్ ఆ పుస్తకానికి ముందుమాట రాశారు. పందొమ్మిదో శతాబ్దంతో పాటే ఆమె జీవితమూ ముగిసింది. వందేళ్ళ తరవాత, 1999లో చరిత్రకారిణి తనికా సర్కార్ ఆ ఆత్మకథని ఇంగ్లీషులోకి తెచ్చి, దాని మీద ఒక పుస్తకమే రాశారు.

మన దగ్గరా ఇలాంటి వంటింటి బళ్ళు నడిచాయి. 'ఆమార్ జీబన్' అచ్చవడానికి రెండేళ్ళ ముందు, 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ ఏ బడికీ వెళ్ళలేదు. పదేళ్ళకే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూంటే అతని దగ్గరే తనూ నేర్చుకుంది. ఆ చదువుతోనే 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వెలువరించింది. తెలుగులో తొలి కథలు రాసినవాళ్ళలో ఒకరైంది. 1905లో, ముప్పై ఏళ్ళ వయసులో వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎరగరు. అయినా ఒకే ఇంటి ఆడపిల్లల్లా అనిపిస్తారు నాకు.

మన చేతిలో పత్రం

రాససుందరికి లేనివి మనకి చాలా ఉన్నాయి. గ్యాస్ పొయ్యి ఉంది, మిక్సీ ఉంది, పుస్తకం బాహాటంగా పట్టుకు తిరగొచ్చు. ఆమెకి లేని ఇబ్బంది కూడా మనకి ఒకటుంది. ఆమె ఎడమ చేతిలో పత్రం ఉండేది, మన ఎడమ చేతిలో సెల్‌ఫోన్ ఉంటోంది. కూర ఉడికే పది నిమిషాలూ దానికే పోతున్నాయి. పోయాయని కూడా తెలియడం లేదు. ఫోన్ మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకెందుకు గానీ, ఆ పది నిమిషాలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం నన్ను నేను వేసుకున్నాను.

ఆ పుస్తకం చదివాక నేను పెద్ద ప్రతిజ్ఞలేం చెయ్యలేదు, వాటి సంగతి డైరీకి తెలుసు. వంటింట్లో పప్పుల డబ్బా పక్కన ఒక చిన్న నోటు పుస్తకం, దారం కట్టిన పెన్సిలు పెట్టుకున్నాను. కుక్కర్ పెట్టాక మూడో కూత వచ్చేలోగా ఒక్క వాక్యం. ఒక్కటే. బాగున్నా బాగోకపోయినా సరే. కొన్ని రోజులు ఆ ఒక్కటీ రాలేదు. మా అమ్మాయికి జ్వరం వచ్చిన వారం పుస్తకం ముట్టుకోనే లేదు. ఇదివరకైతే ఒక వారం తప్పిందని అంతటితో వదిలేసేదాన్ని. ఈసారి వదల్లేదు, ఆపిన వాక్యం దగ్గరే మళ్ళీ అందుకున్నాను. పేజీల మీద పసుపు మరకలున్నాయి, ఒకచోట పోపు చుక్క పడి అక్షరం చెదిరింది. నాలుగు నెలలకి ఒక కథ పూర్తయింది. గొప్ప కథ అని చెప్పను, కానీ పూర్తయింది.

మీ కోరిక చదువే కానక్కర్లేదు. పాట కావచ్చు, ముగ్గు కావచ్చు, ఇంగ్లీషు మాట్లాడడం కావచ్చు, సైకిలు తొక్కడం కావచ్చు. అది ఏదైనా సరే, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అని దాన్ని అటక మీద పెట్టకండి. రోజూ మీరు ఎటూ తప్పించుకోలేని పని ఒకటి ఉంటుంది కదా, దాని పక్కనే పెట్టుకోండి. అందులోంచి ఇవాళ్టికి ఒక్క పత్రం తీసుకోండి చాలు.

అన్నట్టు, ఇంట్లో ఎవరైనా మీ ఎడమ చేతిలో అదేమిటని అడిగితే, ముసుగు చాటున దాచుకోవలసిన అవసరం మనకి లేదు. చూపించండి. రాససుందరి ఆడపడుచుల్లాగా, వాళ్ళు కూడా పక్కన చేరినా చేరొచ్చు.